ఇంటి పెద్దావిడ పోయాక ఆవిడ గుర్తులు చెదిరిపోకుండా దాచుకోవడం ఎలా

నానమ్మో అమ్మమ్మో పోయిన కొన్ని వారాలకు చాలామంది ఒకే మాట అడుగుతారు: "ఆవిడ గుర్తుగా ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." పుస్తకం వేయడం, వీడియో చేయించడం, ఫోటో పెద్దది చేసి గోడకు తగిలించడం ఏడాది తర్వాతైనా చేసుకోవచ్చు. కొన్ని మాత్రం ఆగవు. ఫోన్‌లో మిగిలిన ఆవిడ గొంతు, ఆవిడ సర్దుకున్న గది, ఆవిడతో కలిసి పెరిగినవాళ్ల జ్ఞాపకం రోజురోజుకూ జారిపోతుంటాయి. అందుకే కింద చెప్పిన వరసంతా ఒకటే లెక్క: ఏది ముందు పోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి.

మొదటి మూడు పనులు నెల లోపల మొదలుపెట్టండి. మిగతావి ఆరు నెలలు పట్టినా పర్వాలేదు. ఇంట్లో అందరికీ ఇదంతా చేసే మనసు ఉండదు, ఉండాలని పట్టుబట్టకండి. ఇద్దరు చాలు. ఒకరు సేకరించేవాళ్లు, ఇంకొకరు సరిచూసేవాళ్లు.

కావలసినవి

- మంచి కెమెరా ఉన్న ఫోన్, దాన్ని కదలకుండా నిలబెట్టే స్టాండు
- ఫ్లాట్‌బెడ్ స్కానర్ (కొనక్కర్లేదు, నాలుగు రోజులు ఎరువు తెచ్చుకున్నా సరిపోతుంది)
- రెండు బయటి హార్డ్‌డిస్కులు. ఒకటి సరిపోదు, ఎందుకో ఎనిమిదో పనిలో ఉంది
- మెత్తటి ములుకున్న పెన్సిల్, 4బి లేదా 6బి
- ఆమ్లం లేని కాగితం, ఉతికి ఆరేసిన తెల్లటి నూలు గుడ్డలు, మూతున్న గట్టి అట్టపెట్టె
- గ్రాములు చూపించే వంటింటి తూకం
- ఒక నోటుపుస్తకం. కంప్యూటర్ ఎంత బాగా వచ్చినా ఇది ఉండాలి

సెల్లోటేపు, రబ్బరు బ్యాండ్లు, జెమ్ క్లిప్పులు, స్టేప్లర్, లామినేషన్ యంత్రం ఈ పని దగ్గరికి రానివ్వకండి. టేపు జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగుతుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది, ఇనుము తుప్పు మరక పెడుతుంది. లామినేషన్ చేసిన కాగితాన్ని పాడవకుండా మళ్లీ విడదీయడం చాలా కష్టం.

1. గది కదపకముందే ఫోటోలు తీయండి

సర్దడం మొదలుపెట్టాక ఆ గది మళ్లీ అలా ఉండదు. నాలుగు మూలల నుంచీ నాలుగు ఫోటోలు, ఒక్కో గోడకు ఒకటి, ఒక్కో అరకు ఒకటి, సొరుగు లాగి లోపల ఉన్నది ఉన్నట్టుగా ఒకటి తీయండి. తర్వాత దగ్గర నుంచి: మంచం పక్కన కళ్లజోడు ఎటు తిప్పి పెట్టి ఉంది, దిండు కింద ఏముంది, అద్దం దగ్గర దువ్వెన ఎలా ఉంది. చివర్లో ఎవరూ మాట్లాడకుండా గదంతా నెమ్మదిగా తిప్పుతూ రెండు నిమిషాల వీడియో తీయండి. కిటికీ చప్పుడు, గడియారం చప్పుడు కూడా అందులోకి వస్తాయి.

ఏ వస్తువునైనా ఇచ్చేసే ముందు లోపల చూడండి. పుస్తకాల పేజీల మధ్య, పర్సు అరల్లో, మడత పెట్టిన బట్టల్లో, సొరుగు అడుగున పరిచిన కాగితం కింద వెతకండి. ఉత్తరాలూ చిన్న ఫోటోలూ చాలావరకు దొరికేది ఇక్కడే.

పంపకాల సంగతి: మూడు నెలలైనా ఆగడం మంచిది. ఈలోగా వస్తువులకు నంబర్లు వేసి జాబితా రాయండి: నంబరు, వస్తువు, ఎక్కడ దొరికింది, ఆవిడకు ఎవరిచ్చారు, ఎవరు అడుగుతున్నారు. నాలుగో గడి నిండని వస్తువును పెద్దవాళ్లకు చూపించి అడిగాకే చేయి దాటించండి.

2. ఫోన్‌నూ సిమ్‌నూ అప్పుడే ఆపేయకండి

జనం తొందరపడి చేసే తప్పుల్లో తిరిగి సరిచేసుకోలేనిది ఇదే. నంబరు ఆగితే బ్యాంకు, మెయిలు, ఫోటోల ఖాతా వంటి వాటి ఓటీపీలన్నీ ఆగిపోతాయి. కొన్నాళ్లకు ఆ నంబరు వేరొకరికి వెళ్తుంది కూడా. కనీసపు రీచార్జి చేస్తూ ఆరు నెలలు బతికించి ఉంచండి.

లాక్ తెలియకపోతే ఊహించి కొట్టకండి. తప్పు కొట్టిన కొద్దీ ఫోన్ ఎక్కువసేపు బిగుసుకుంటుంది. ఐఫోన్‌లో పది తప్పులకు అంతా చెరిగిపోయే సెట్టింగు ఒకటుంది, ఆవిడ ఫోన్‌లో ఎవరైనా దాన్ని పెట్టి ఉండవచ్చు. సిమ్‌కు పిన్ ఉంటే మూడు తప్పులకు ఆగి పీయూకే (సిమ్ లాక్ తీసే కోడ్) అడుగుతుంది. దాన్ని కూడా పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

తర్వాత గొంతు. దీన్ని వెతకాల్సింది ఆవిడ ఫోన్‌లోనే కాదు, ఆవిడ మాట్లాడిన ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ. కుటుంబంలో అందరికీ ఈ నాలుగు చోట్లు చూడమని కబురు పెట్టండి:

- వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు. ఆండ్రాయిడ్‌లో ఇవి వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో "వాయిస్ నోట్స్" అన్న చోట ఓపస్ ఫైళ్లుగా ఉంటాయి. చాట్ మెనూలోంచి మీడియాతో సహా ఎగుమతి కూడా చేయవచ్చు. చాట్ బాగా పెద్దదైతే పాతవి రాకుండా ఆగిపోతాయి. కాబట్టి మొదటి తేదీ ఏదో చూసుకోండి.
- కాల్ రికార్డింగులు, వాయిస్ మెయిళ్లు.
- ఆవిడ కనిపించే వీడియోలు.
- ఆవిడ కనిపించని వీడియోలు. పసిపిల్ల తొలి అడుగులు తీస్తుంటే వెనక నుంచి "పడిపోతుంది, పట్టుకో" అన్న గొంతు ఎవరిదో వినండి. కెమెరా ఉందని తెలియకుండా మాట్లాడిన మాటలు ఇలాంటి చోటే మిగులుతాయి. ఆవిడ అసలు గొంతు అదే.

ఆవిడతో ఉన్న వాట్సాప్ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉందేమో ఈరోజే చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులుంటాయి. సెట్టింగు ఆపేసినా అప్పటికే గడువు పడ్డ మెసేజ్‌లు పోతూనే ఉంటాయి, అందుకని ముందు ఫైళ్లు తీసుకుని తర్వాత సెట్టింగు సంగతి చూడండి. ఆవిడ ఫోన్‌లోంచి వాట్సాప్ తీసేయకండి, ఆవిడ నంబరుతో వేరే ఫోన్‌లో లాగిన్ కాకండి. వాడకం లేని ఖాతాను మామూలుగా 120 రోజులకు వాట్సాప్ తొలగిస్తుంది. ఫోన్‌లో ఉన్నవి యాప్ తీసేయనంతవరకు ఆ ఫోన్‌లోనే ఉంటాయి.

గూగుల్ ఖాతాను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే అందులోని ఫోటోలతో సహా తొలగించే నిబంధన ఉంది. యాపిల్‌లో ఆవిడ బతికుండగా "లెగసీ కాంటాక్ట్"గా (తన తర్వాత ఖాతా చూడగల మనిషిగా) ఎవరినైనా పెట్టి ఉంటే వాళ్ల దగ్గరున్న కీ, మరణ ధృవీకరణ పత్రం కలిపి అడగవచ్చు. ఫేస్‌బుక్ పేజీని స్మారక ఖాతాగా మారిస్తే తర్వాత ఎవరూ దానిలోకి లాగిన్ కాలేరు. కాబట్టి అందులో కనిపించే ఫోటోలు, వ్యాఖ్యలు దాచుకున్నాకే ఆ పని పెట్టుకోండి.

సరిచూసుకోవడం: తీసిన ప్రతి ఆడియో ఫైలునూ వేరే పరికరంలో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినండి. ఫైలు పేరు కనిపించినంత మాత్రాన లోపల శబ్దం ఉన్నట్టు కాదు. వినడం ఇప్పుడు మీవల్ల కాకపోతే ఆ పని ఇంకొకరికి అప్పగించండి, వాయిదా మాత్రం వేయకండి. చప్పుడు తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడాలనిపిస్తే కాపీ మీద వాడండి. ఎక్కువ శుభ్రం చేస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. అసలు ఫైలు చప్పుళ్లతో సహా అలాగే ఉండాలి.

3. ఆవిడను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ల మాటలు రికార్డు చేయండి

చెల్లెలు, వదిన, చిన్ననాటి స్నేహితురాలు, పక్కింటావిడ, ఇలా ముందు వయసులో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. పిల్లలూ మనవలూ చెప్పేది తర్వాతైనా దొరుకుతుంది.

ఎలా చేయాలంటే: ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. బల్ల మీద ఉత్తినే పెడితే ప్రతి తాకిడీ దడదడమని పడుతుంది. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి. "పెద్దమ్మా, ఇది రికార్డు చేసుకుంటున్నాను, ఇంట్లోవాళ్లు వింటారు, సరేనా?" అని అడిగి, ఆ సరే అన్న మాటను కూడా రికార్డులో ఉండనివ్వండి. ముప్పై సెకన్లు పరీక్షగా తీసి, విని, అప్పుడు అసలుది మొదలుపెట్టండి. 45 నిమిషాలు దాటనివ్వకండి, కావాలంటే ఇంకో రోజు వెళ్లవచ్చు.

"ఆవిడ ఎలాంటిది?" అని అడిగితే "చాలా మంచిది" అన్న జవాబు వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. చేతికి తగిలే ప్రశ్నలు అడగండి:

- పొద్దున లేవగానే మొదట ఏం చేసేది?
- ఎవరిని ఏ ముద్దుపేరుతో పిలిచేది? ఆవిడను ఎవరు ఏమని పిలిచేవారు?
- కోపం వస్తే మాట్లాడేదా, మాట మానేసేదా?
- డబ్బు ఎక్కడ దాచేది?
- చేయాలనుకుని చేయలేకపోయిన పని ఏదైనా చెప్పిందా?
- ఎవరికీ తెలియకుండా ఎవరికి సాయం చేసింది?

ఒక పాత ఫోటో, ఆవిడ వాడిన ఒక వస్తువు చేతిలో పెట్టి అడిగితే మాట ఇంకా బాగా వస్తుంది. మధ్యలో మౌనం వస్తే మీరు నింపకండి. చాలాసార్లు ఆ మౌనం తర్వాత వచ్చేదే విలువైన మాట. తేదీ తప్పు చెప్పినా అడ్డుపడి సరిదిద్దకండి, తర్వాత నోటుపుస్తకంలో రాసుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, పక్కన ఎవరు చెప్పారో రాయండి.

పుట్టిన సంవత్సరం దగ్గర అందరూ తడబడతారు. కాగితాల్లో ఒకటి, ఇంట్లో చెప్పుకునేది ఇంకొకటి ఉంటుంది. తోబుట్టువుల వరస, వాళ్ల మధ్య ఎన్నేళ్ల తేడా, పెళ్లినాటికి ఎవరు ఎంత వయసు, మొదటి బిడ్డ పుట్టిన సంవత్సరం, ఈ నాలుగూ కలిపి వెనక్కి లెక్కేస్తే రెండేళ్ల అటూఇటూగా తేలుతుంది. తేలకపోతే "సుమారు 1938" అని రాయండి. ఆ "సుమారు"ను తర్వాత ఎవరూ కొట్టేయకుండా చూడండి.

4. పాత ఫోటోలకు ముందు పేర్లు, తర్వాత స్కానింగు

చాలామంది ముందు స్కాన్ చేసి, పేర్లు తర్వాత చూద్దాంలే అనుకుంటారు. యంత్రం వచ్చే ఏడాది కూడా పని చేస్తుంది, ఆ వెనక వరసలో నిలబడ్డవాళ్లను గుర్తుపట్టే మనిషి ఉండకపోవచ్చు.

గుంపు ఫోటోకు ఒక మామూలు జిరాక్సు తీయండి. దాని మీద పల్చటి కాగితం పరిచి తలల గీతలు గీసి 1, 2, 3 అని నంబర్లు వేయండి, కింద పేర్లు రాయండి. అసలు ఫోటో మీద కాగితం పెట్టి గీయకండి, పెన్సిల్ ఒత్తుకు గాడి పడుతుంది. పేరుతో పాటు చుట్టరికం కూడా రాయండి, అయితే "అత్త", "మామయ్య" అని వదిలేస్తే ఎవరికి అత్తో తర్వాతి తరానికి తెలియదు. "ఆవిడ రెండో చెల్లెలు" అని రాస్తే తెలుస్తుంది.

ఫోటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ ఒత్తు ముందువైపు కనిపిస్తుంది, సిరా పక్క ఫోటోకు అంటుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తరకం ఫోటో కాగితం మీద పెన్సిల్ పట్టదు. అలాంటివాటిని కవర్లో పెట్టే ముందే కవరు మీద రాయండి.

స్కానింగుకు కొలతలు ఇవి:

- మామూలు సైజు ఫోటోలు: 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు). పాస్‌పోర్టు సైజు, ఇంకా చిన్నవి: 1200.
- నెగటివ్‌లు: 2400 పైన, నెగటివ్ ట్రే ఉన్న స్కానర్ మీద.
- నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయండి. పసుపెక్కిన తీరు, సిరా మరక అప్పుడే తెలుస్తాయి.
- దాచుకునే కాపీ టిఫ్ ఫైలుగా (నాణ్యత పోకుండా ఉంచే రకం), పంచుకునే కాపీ జేపెగ్ ఫైలుగా (సైజు తగ్గించే రకం). జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

4×6 అంగుళాల ఫోటో 600 డీపీఐలో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది, టిఫ్‌లో సుమారు 26 ఎంబీ. అంటే ఐదు వందల ఫోటోలకు 13 జీబీ. భయపడాల్సినంత చోటేమీ కాదు, కాబట్టి చోటు కోసం నాణ్యత తగ్గించకండి.

ధూళి ఉంటే చేతితో నొక్కే బ్లోయరు వాడండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. తడిగుడ్డ అసలు వద్దు. ఆల్బమ్ అయితే ముందు పేజీ మొత్తాన్నీ ఒకసారి తీసి, తర్వాత ఒక్కో ఫోటో తీయండి. ఏ ఫోటో పక్కన ఏది పెట్టుకుందో అది కూడా ఆవిడ నిర్ణయమే. వెనక రాత ఉంటే వెనకవైపు కూడా స్కాన్ చేయండి.

జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయినవాటిని గోటితో లేపకండి. పళ్ల మధ్య తోముకునే సన్నటి దారాన్ని ఫోటో కింద నుంచి అటూఇటూ లాగుతూ నెమ్మదిగా విడదీయండి. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోనైతే లాగనే వద్దు. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతోనే తీయండి.

స్కానర్ దొరకకపోతే: కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫోటోను బల్ల మీద పరచండి. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా స్టాండుకు బిగించి తీయండి. నాలుగు అంచులూ నిటారుగా వచ్చాయా చూడండి. ఒకవైపు వెడల్పుగా వస్తే ఫోన్ వాలి ఉన్నట్టు. పత్రాలు తీసే యాప్‌లు రంగులను వాటంతటవే "బాగు" చేస్తాయి, ఆ సౌకర్యం ఆపేయండి.

పాత ముఖాలను కృత్రిమ మేధతో మెరుగుపరిచే యాప్‌ల గురించి ఒక మాట. మసకగా ఉన్న చోట అవి ఉన్నదాన్ని పైకి తేవు, ఊహించి గీస్తాయి. కళ్లు, పెదవుల అంచు, పళ్లు ఇంకెవరివోగా మారతాయి, ఇంట్లోవాళ్లు "ఏదో తేడాగా ఉంది" అంటారే తప్ప ఏమిటో చెప్పలేరు. గోడకు పెట్టుకునేందుకు చేయించుకుంటే ఫైలు పేరులోనే "మార్చిన ప్రతి" అని రాసి, అసలు స్కాన్ పక్కనే ఉంచండి. లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత పిల్లలు ఆ గీసిన ముఖాన్నే ఆవిడ ముఖం అనుకుంటారు.

5. క్యాసెట్లు ఉంటే

ముందు క్యాసెట్ పై అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు రెండూ విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా దాని మీద ఏదీ ఎక్కదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆడించకండి, ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. ప్లేయర్ తలను (టేపు తగిలే లోహపు భాగాన్ని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరనిచ్చి, ముందు అక్కర్లేని క్యాసెట్ ఒకటి వేసి చూడండి. టేపు నమిలే ప్లేయర్ అయితే ఆ ముక్క పోయినా బాధ లేదు. ఆవిడ క్యాసెట్‌ను మొదట ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి, అతుక్కున్న పొరలు వదులవుతాయి.

ప్లేయర్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ కలిపి వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. మైక్ రంధ్రంలో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది. స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం ఆఖరి మార్గం. 60 నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు 30 నిమిషాలు. ఫైలు 18 నిమిషాలకే ఆగిందంటే మధ్యలో ఏదో జరిగింది, మళ్లీ చూడండి.

6. చేతిరాత, చేతి కొలత

ఉత్తరాలు, జమాఖర్చుల పుస్తకం, ఫోన్ నంబర్ల డైరీ, మందుల చీటీ వెనక రాసుకున్న లెక్క, అన్నీ దాచదగినవే. 400 డీపీఐలో కలర్‌లో స్కాన్ చేయండి. మడతలను బలవంతంగా చదును చేయకండి, చీలిపోతాయి. నునుపైన రసీదు కాగితాల మీది అచ్చు వాటంతటదే వెలిసిపోతుంది, వాటిని ముందు స్కాన్ చేయండి. సంతకం, ఆధార్‌లాంటి నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్న పేజీలు వేరే ఫోల్డర్‌లో పెట్టండి, అందరికీ పంపే కట్టలో అవి ఉండకూడదు.

ఆవిడ వంట రాసిపెట్టుకుంటే "ఒక గ్లాసు", "గుప్పెడు", "చిటికెడు" అనే ఉంటుంది. మీరు వంటింట్లో ఉన్న ఏదో గ్లాసుతో చేసి, ఆవిడ చేతి రుచి రాలేదని బాధపడతారు. ఆవిడ గ్లాసు ఏదో కనుక్కోండి. ఖాళీ గ్లాసును తూకం మీద పెట్టి సున్నా చేసి, ఆవిడ నింపే గీత దాకా నీళ్లు పోయండి. 210 గ్రాములు చూపిస్తే అది 210 మిల్లీలీటర్ల గ్లాసు. చెంచాకూ డబ్బా మూతకూ అంతే. గుప్పెడుకు మాత్రం ఆవిడ చెయ్యి లేదు. ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్న కూతురినో కోడలినో మూడుసార్లు తీయమని, మూడూ తూచి సగటు రాయండి. ఒక్కసారి తూచిన లెక్క నమ్మకండి, ప్రతిసారీ తేడా వస్తుంది. అసలు రాత మీద ఏమీ దిద్దకుండా గ్రాముల లెక్కను పక్క కాగితం మీద రాయండి.

7. బట్టలు

చాలామంది ఆపుకోలేక అడిగేది: "వాసన పోకుండా ఎలా?" పూర్తిగా ఆపలేరు. కాస్త నిదానింపజేయగలరు. ఉతకని ఒక్క బట్టను, ఒక్కటంటే ఒక్కటే, పొడిగా ఉన్నప్పుడు మడిచి గాలి చొరని గాజు జాడీలో పెట్టి చీకట్లో ఉంచండి. తెరిచిన ప్రతిసారీ కొంత పోతుంది, కాబట్టి ఎప్పుడు తెరవాలో ఇంట్లో అనుకుని తెరవండి. తడి ఉంటే బూజు పడుతుంది. ఆ ఒక్కదాన్నీ మిగతా బట్టలతో కలపకండి.

మిగతావన్నీ తప్పకుండా ఉతికి దాచాలి. కంటికి కనపడని చెమట, మరక ఏడాదికి పసుపుపచ్చగా తేలతాయి, పురుగులు వచ్చేది కూడా వాటి కోసమే. గంజి పెట్టకండి. పట్టు, ఉన్ని, లోహపు దారం ఉన్నవాటిని ఇంట్లో తడపకుండా తెలిసినవాళ్లకు ఇవ్వండి. మడతల మధ్య ఆమ్లం లేని కాగితాన్ని వదులుగా చుట్టలు చుట్టి పెడితే గీత పడదు. ఏడాదికోసారి తీసి మడత చోటు మార్చండి. ఒకే గీత మీద ఏళ్ల తరబడి ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది. పైన నూలు గుడ్డ చుట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, బట్ట నేరుగా చెక్కకు తగలనివ్వవద్దు.

పురుగు అనుమానం ఉంటే: సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్‌ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా వదిలేయండి. వెంటనే విప్పితే చెమ్మ బట్ట మీద పడుతుంది. కలరా ఉండలు వాడితే బట్టకు తగలకుండా గుడ్డలో కట్టి పెట్టండి. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వాడకపోవడమే మంచిది. కొందరు పిల్లలకు ఆ వాసనతో రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆవిడ బట్టలతో బొంత కుట్టించాలనుకుంటే ఏడాది ఆగి, బాగా ఇష్టపడి కట్టుకున్నదాన్ని పక్కన పెట్టి, మిగతావాటిని కత్తిరించండి. కత్తిరించే ముందు ప్రతి బట్టనూ విప్పి పరిచి ఫోటో తీయండి.

8. పేర్లు, మూడు కాపీలు

ఫైలు పేరు సంవత్సరంతో మొదలవ్వాలి, అప్పుడు వరస వాటంతటదే కుదురుతుంది: "1971-05-పెళ్లి-ముందువరస-03". నెల తెలియకపోతే "1971-00". సంవత్సరం కూడా కచ్చితంగా తెలియకపోతే "1970-సుమారు". పేరులో "ఫైనల్", "కొత్తది" లాంటివి పెట్టకండి, ఆర్నెల్లకు అర్థం కావు.

మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట్లో. ఉదాహరణకు మీ ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు, తమ్ముడి ఇంట్లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. పెన్‌డ్రైవ్‌ను దాచే చోటుగా లెక్కించకండి. కరెంటు తగలకుండా ఏళ్లు పడి ఉంటే అందులోవి పోవచ్చు. ఇంట్లో రాసుకున్న సీడీలు కూడా కాలక్రమంలో చదవకుండా అవుతాయి. అందరికీ పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. "డాక్యుమెంట్"గా పంపండి.

9. ఇప్పుడు రాయండి

ముందు ఒక్క పేజీ. అది కుదిరాక పుస్తకం సంగతి చూడవచ్చు. "ప్రేమమూర్తి, త్యాగమయి, అందరికీ తలలో నాలుక" అని రాసుకున్న వాక్యాలన్నింటికీ ఒక పరీక్ష పెట్టండి: ఆవిడ పేరు తీసి ఇంకో పెద్దావిడ పేరు పెడితే కూడా అతుకుతుందా? అతికితే కొట్టేయండి. "ఎవరైనా బయల్దేరుతుంటే చెప్పులు తిప్పి పెట్టేది" అన్నది మరొకరికి అంత తేలిగ్గా అతకదు. ఆవిడకున్న కోపాన్ని, మొండితనాన్ని కూడా రాయండి. అవి లేకపోతే ఎరిగినవాళ్లు చదివి "ఈవిడెవరు?" అనుకుంటారు. బతికున్నవాళ్లను నొప్పించే సంగతి మాత్రం వాళ్లను అడిగాకే చేర్చండి.

సంస్మరణ సభలో మాట్లాడాలంటే మూడు నిమిషాలు, రెండు సంఘటనలు చాలు. గడియారం పెట్టుకుని పైకి చదవండి. పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసుకోండి, గొంతు పూడుకుపోతే అందుకుని చదవడానికి ఇంకొకరి చేతిలో రెండో ప్రతి ఉంచండి.

పుస్తకం అచ్చు వేయిస్తే రెండు సంగతులు చూసుకోండి. ఫోటోకు అచ్చు సైజులో 300 డీపీఐ ఉండాలి. 8×10 అంగుళాల పేజీకి 2400×3000 పిక్సెళ్లు. రెండోది, పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలు. ఫాంటు లోపల పొదగకపోతే మీ కంప్యూటర్లో బాగానే కనిపించి అచ్చులో ఒత్తులు విడిపోతాయి. ఆ పీడీఎఫ్‌ను వేరే ఫోన్‌లో తెరిచి "క్ష", "స్త్రీ", "జ్ఞా", "ర్య" ఉన్న మాటలు వెతికి చూడండి. ముందు ఒక్క ప్రతి వేయించి, పేర్లూ తేదీలూ ఇద్దరు పెద్దవాళ్ల చేత చదివించాకే మిగతావి వేయించండి.

ఆన్‌లైన్‌లో పెట్టేదాంట్లో పుట్టిన తేదీ పూర్తిగా, పుట్టింటి పేరు, ఇంటి చిరునామా ఉంచకండి. పోయినవాళ్ల వివరాలతో మోసం చేసేవాళ్లు ఉన్నారు, బ్యాంకులు అడిగే ప్రశ్నలు కూడా ఇవే. ఆవిడ గొంతు ఫైళ్లు కుటుంబం లోపలే ఉంటే మంచిది.

10. పని కుదిరిందో లేదో చూసుకోవడం

ఏడాదికోసారి, తేదీ ముందే అనుకుని, రెండు హార్డ్‌డిస్కులూ కలిపి ఐదు ఫోటోలు, రెండు ఆడియోలు, ఒక వీడియో తెరవండి. ఏదైనా తెరుచుకోకపోతే మిగిలిన కాపీ నుంచి అదే రోజు తిరిగి రాయండి. డిస్కుకు ఐదేళ్లు దాటితే కొత్తదానికి మార్చండి. బట్టల మడతలు మార్చడం కూడా ఆ రోజే పెట్టుకుంటే మరిచిపోరు.

ఆ తర్వాత, ఈ పనిలో చేయి పెట్టని ఒకరిని, వీలైతే పదిహేనేళ్ల పిల్లనో పిల్లాడినో పిలిచి పెట్టె చేతికివ్వండి. మీరేమీ చెప్పకుండా ఐదు నిమిషాల్లో ఆవిడ గొంతు వినిపించమనండి, ఏదో ఒక ఫోటోలో మూడోవారు ఎవరో చెప్పమనండి. తడుముకుంటే తప్పు పిల్లలది కాదు, దారి రాయలేదన్నమాట. ఒక కాగితం మీద రాయండి: డిస్కు ఎక్కడుంది, రెండోది ఎవరింట్లో ఉంది, తాళం మాట ఎవరికి తెలుసు, ఫోటోల జాబితా నోటుపుస్తకంలో ఏ పేజీలో ఉంది. దాన్ని జిగురుతో అతికించకుండా ఒక కవర్లో పెట్టి, పెట్టె మూత తెరవగానే చేతికి తగిలేలా అన్నిటికంటే పైన ఉంచండి.